తొట్టి ఊగులాట

మా అన్న నడిపిన లోడరుకు ముందు తొట్టి కుదురుగా ఉండేది కాదు. మట్టి ఎత్తే ఆ తొట్టిని రెండు ఇనప చేతులు పట్టుకుని ఉంటాయి. తొట్టి వెనక చెవుల్లాంటివి ఉంటాయి. ఆ చెవుల్లోంచీ చేతుల కొసల్లోంచీ లావుపాటి పిన్ను దూర్చి రెంటినీ కలుపుతారు. ఏళ్ల తరబడి ఇసకా మట్టీ రాపాడి చెవుల లోపలి ముఖాలు గాళ్లు పడిపోయాయి. చెవికీ చేతికీ నడుమ వేలు పట్టేంత సందు. అన్న లీవరు కదిపితే తొట్టి లేచేది, లేస్తూ ఒక పక్కకు జారి టంగుమనేది.

ఊరి బయట ఎర్రమట్టి చదును చేసినన్నాళ్లూ దాన్నెవరూ పట్టించుకోలేదు. రైల్వే యార్డు పక్కన కొత్త లైనుకు కట్ట వేసే పని వచ్చాక పట్టించుకోక తప్పలేదు. అక్కడ పట్టాల అంచునే సిగ్నలు తీగలు పోతాయి, వాటిని మోసే గుంజలు మోకాలెత్తున ఉంటాయి. తొట్టి జారి ఒక గుంజను వంచేసింది. లైను పనులు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చి తొట్టిని చూడలేదు, అన్న చేతిని చూశాడు. వయసు మీద పడింది, చెయ్యి వణుకుతోంది అన్నాడు. విశ్వకర్మ పూజ అయ్యాక తన కళ్లముందు లైను పక్కన నడిపి చూపించాలి, ఆ తరవాత ఎప్పుడు గుంజకు తగిలినా బండి దిగి కూలీల గ్యాంగులో పార పట్టుకోవాలి అని చెప్పి పోయాడు.

అన్న చెయ్యి వణికేది. అబద్ధం ఎందుకు, టీ గ్లాసు పట్టుకుంటే నాకే కనిపించేది. కానీ ఆ బండి మీద కూర్చోవడం తప్ప ఆ మనిషికి ఇంకో గొప్ప లేదు. అది పోతే మనిషి మిగలడు.

ఆ బళ్లు బాగుచేసే షెడ్డులోనే నేనూ పనిచేసేదాన్ని. మా ఆయన పోయాక రైల్వే ఇచ్చిన ఖలాసీ పని. విప్పిన సామాన్లు కిరసనాయిల్లో కడగడం, పాత గ్రీజు తుడవడం. ఆడమనిషికి ఇదేం పని అని జాలిపడేవాళ్లు. ఆ జాలి అన్నం పెడుతుందా?

షెడ్డు మిస్త్రీ బెంగాలీ. మా తెలుగువాళ్ల మధ్యే పెరిగాడు, తెలుగు బాగానే మాట్లాడేవాడు. అందరికీ దాదా. చెవులు మార్చడం ఇప్పట్లో కుదరదు, షిమ్ములు వేద్దాం అన్నాడు. షిమ్మంటే పలుచని రేకు బిళ్ల, మధ్యలో బెజ్జం. పిన్నుకు తొడిగితే చెవికీ చేతికీ నడుమ కూర్చుని సందు మూస్తుంది. ఆ పక్కన ఎన్ని వేస్తే ఈ పక్కనా అన్నే వెయ్యాలి, లేకపోతే తొట్టి వంకరగా కూర్చుంటుంది. పూర్తిగా బిగించెయ్యకూడదు. గ్రీజు పోవడానికి గోరంత సందు వదలాలి.

పూజ దగ్గర పడింది. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు. అంతకు ముందే బళ్లు కడిగి రంగులు వెయ్యాలి. తొట్టి విప్పి కింద పెట్టారు. రంగు పని అన్న ఎవరికీ ఇవ్వలేదు. తానే ఎండలో కూర్చుని రోజుల తరబడి పసుపు రంగు వేశాడు. చెవుల లోపల కూడా వేశాడు, అక్కడ ఎవరు చూస్తారని నేను అడిగినా వినలేదు. అది ఆరాక దాదా గేజి పెట్టి సందు కొలిచి, షిమ్ములు తొడిగి, పూజ ముందురోజు పొద్దు గూకేలోపు పిన్నులు దిగ్గొట్టాడు.

పూజ వెళ్లిన మర్నాడు అన్న నడిపి చూపించాడు. తొట్టి రాయిలా ఉంది. ఇన్‌స్పెక్టరు సరేనన్నాడు.

వారం తిరక్కుండానే తొట్టి మళ్లీ ఊగింది. ఒక గుంజను గీరుకుంటూ పోయింది, అదృష్టం, ఎవరూ చూడలేదు. షిమ్ములు చూస్తే వేసినవి వేసినట్టే ఉన్నాయి. బండికి చెయ్యాల్సింది చేశాం, ఇంకా ఊగిందంటే తప్పు ఎక్కడుంది? చివరికి ఒక పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ అన్న నాతో అన్నాడు:

"ఇన్‌స్పెక్టరుకి నానే సెప్పేస్తాను సెల్లీ. సెయ్యి పోయింది, దిగిపోతానని."

"సెయ్యి వొణికితే తొట్టి పైకీ కిందకీ వొణకాల. పక్కకెందుకు పోద్ది?"

"నీకేటి తెలుసు బండి గురించి?"

"నాకేటీ తెల్దు. నువ్వు లీవరు పక్కకి లాగుతున్నావేటి?"

తిన్నగా ఇన్‌స్పెక్టరు దగ్గరికే పోయాడు. నేను షెడ్డుకు పోయి తొట్టి కింద దూరాను. పిన్ను పక్కనుంచి గ్రీజు కారి ఉంది. గ్రీజు నల్లగా ఉండాలి. ఇది తెల్లగా, పిండి కలిపినట్టుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. వాసన చూస్తే అవిసె నూనె. ఆ రోజుల్లో నాకు చదువు రాదు, అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ల తరవాత. డబ్బా మీద పేరు చదవలేను గానీ లప్పం వాసన నాకు తెలుసు. కిటికీల సందులు పూడ్చే లప్పం అన్న ఇంట్లో ఎప్పుడూ ఉండేది.

దాదాను పిలిచాను. పిన్ను ఊడగొట్టాడు. చెవి లోపల గాళ్లలో లప్పం పొడైపోయి ఉంది, దాని మీద పసుపు రంగు పెచ్చులు. అప్పుడే అన్న తిరిగొచ్చి వెనక నిలబడ్డాడు.

"నువ్వేనా పెట్టినావు ఇది?" అని అన్నను అడిగాడు దాదా.

"గాళ్లు పడిపోయున్నాయి గదా. పూజకి అలగే ఎలాగ పెడతాను? దేముడు లోపల సూడడేటి?"

"దేముడు సూసినాడో లేదో గాని, నా గేజి లప్పాన్నే ఇనుమనుకుంది. అందుకే షిమ్ములు తక్కువేసినాను." దాదా నవ్వాపుకోలేక నా వైపు తిరిగాడు. "దీదీ, మీ అన్న దేముడికి లప్పం నైవేద్యం పెట్టినాడు."

అన్న నవ్వలేదు. ఇన్‌స్పెక్టరుకు చెప్పేశానన్నాడు. చెయ్యి పోయిందని తన నోటితోనే చెప్పాడు, ఇప్పుడు ఏ మొహంతో వెళ్లి కాదంటాడు?

"ఆ మొహంతోనే," అన్నాను. "ఇంకోటి లేదు గదా నీకు."

ఇనుము తేలేదాకా గీకించాడు దాదా. మళ్లీ కొలిచి ఇంకొన్ని షిమ్ములు వేశాడు. అన్న రంగు పెచ్చులు కొన్ని అరచేతిలో వేసుకుని ఆఫీసుకు పోయాడు. అక్కడేం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చి గుంజల పక్కన నిలబడ్డాడు.

అన్న బండెక్కాడు. మొదట చెయ్యి లీవరు మీద వణికింది, నేను చూశాను. తొట్టి లేస్తూ కొంచెం అదిరింది, పక్కకు మాత్రం పోలేదు. గుంజ వెంబడి గుంజ దాటుకుంటూ కట్ట చివరిదాకా మట్టి సర్దుకుంటూ పోయి వెనక్కి వచ్చాడు. దేనికీ తగల్లేదు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలేదు. అన్న పొద్దున చెప్పిన మాట తానేమీ వినలేదనీ, రేపు అవతలి పక్క మొదలుపెట్టమనీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ, తొట్టి మరీ బిగుసుకుపోయిందనీ, దాదా గ్రీజు దగ్గర కక్కుర్తి పడ్డాడనీ, ఇన్‌స్పెక్టరు అన్నం తిననివ్వకుండా ఎండలో నిలబెట్టాడనీ అన్న మా ఇల్లుండే తాల్‌బగీచా వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూ పక్కనే నడిచాను.