అరుగు పొడవు

ఇల్లు కొనడానికి వచ్చిన మా అమ్మ గోడలు చూడలేదు, పెంకులు చూడలేదు. తిన్నగా అరుగెక్కి, కొంగు సర్దుకుని, వెల్లకిలా పడుకుంది. కాళ్ళు చాపి, మడమలు ఎక్కడిదాకా వచ్చాయో తల ఎత్తి చూసుకుంది.

"సరిపోతది కొడుకా, తీస్కో" అంది.

ఇల్లు అమ్ముతున్న ముసలాయన నవ్వాడు. "గదేంది చెల్లె, పీనుగ లెక్క పన్నవ్?"

"మరి గందుకే గదనే అన్నా కొనేది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

మేం కామారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ బీడీలు చుట్టేది. మా బాపు పోయినప్పుడు నేను దుబాయిలో ఉన్నాను. మా దగ్గర కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఇంటి ఓనరు చెడ్డవాడేమీ కాదు, ఏ పండుగ వచ్చినా మా పిల్లలకు సకినాలు పంపేవాడు. కానీ ఆ రోజు గేటు దగ్గర రెండు చేతులూ జోడించి, "ఏమనుకోకు అక్కా, ఇంటికి అరిష్టమంటరు" అన్నాడట. బాపును రోడ్డు పక్కన టార్పాలిన్ పరదా కింద పండబెట్టారు. నేను విమానం దిగి వచ్చేసరికి వాన పడుతోంది. అమ్మ తలాపున కూర్చుని, దీపం ఆరకుండా అరచేయి అడ్డం పెట్టి ఉంది.

"గిన్నేండ్లు ఉన్నం ఆ ఇంట్ల. గింత జాగ ఇయ్యలేదు మీ బాపుకు" అంది నన్ను చూసి. ఏడవలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు గానీ, కిరాయి ఇంట్లో చచ్చి చూడు అని ఎవరూ ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు.

నేను మళ్ళీ దుబాయి పోలేదు. బస్టాండు దగ్గర చిన్న కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకుని ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. కామారెడ్డిలో మా చేతికందే ఇల్లు ఒక్కటీ లేదు. చివరికి అమ్మే దారి చూపింది. ఎల్లారెడ్డి దాటి, పోచారం అడవి వైపు, గుట్ట మీద ఉంటుంది ఆమె తల్లిగారి ఊరు. ఆమె వాళ్ళంటూ అక్కడ ఎవరూ మిగల్లేదు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ గుట్ట దిగి పోయేవాళ్ళే గానీ ఎక్కి వచ్చేవాళ్ళు లేరు, కాబట్టి ఇల్లు మాకు దొరికింది. ముసలాయన బిచ్కుందలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ తాళంచెవి అమ్మ చేతిలోనే పెట్టాడు.

అప్పటికే అమ్మ గుండె బాగాలేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రిజిస్ట్రేషన్ అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా పాలు పొంగించవద్దన్నాడు పంచాంగం చూసిన అయ్యగారు.

"మంచి రోజులు మీకురా, నాకెందుకు? ఒక సాప, ఒక బిందె తీస్కొని నేను పోత" అంది అమ్మ.

నేను కసురుకున్నాను. "ఒక్క నెల ఆగితే ఏం పోతదమ్మా?" ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాను. దుబాయిలో మబ్బులంత ఎత్తున నిలబడి వైర్లు లాగినవాణ్ణి, ఆషాఢానికి భయపడ్డాను. పిల్లలున్నవాణ్ణి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అమ్మ శ్రావణం దాకా ఆగలేదు. ఆసుపత్రిలో పోయింది. అంబులెన్సులో ఎక్కించాక డ్రైవరు అడిగాడు, "ఎక్కడికి పోవాలె అన్నా?" జేబులో తాళంచెవి తడుముకున్నాను. గుట్ట మీది ఊరి పేరు చెప్పాను.

ఇంటి ముందు బండి ఆగింది. మా పెద్దబాపు, అంటే బాపు అన్న, దారిలో నేను చేసిన ఫోనుతో అప్పటికే అక్కడికి చేరుకున్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టడం చూసి అడ్డం వచ్చాడు. "పాలు పొంగని ఇంట్ల మొదలు పీనుగను దించుతవారా? బతకాల్సినోళ్ళు లేరా నీకు?"

పక్కింటి అవ్వ, చిన్నప్పుడు అమ్మతో ఆడుకున్న ఆవిడ, కర్ర పట్టుకుని వచ్చింది. "ఇంట్లకు వద్దంటే వద్దు తియ్‌. అరుగు గడప అవుతలనే గదా ఉన్నది. దాని మీదనన్న పండవెట్టు కొడుకా, పిల్ల ఎంత ఆశపడ్డదో" అంది.

నేను పెద్దబాపు ముఖం వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అమ్మను రోడ్డు మీద, వేపచెట్టు కింద, పరదా కట్టి పండబెట్టాం. అరుగు అక్కడికి మూడడుగులు. అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది. మైలతో కిరాయి ఇంటికీ పోలేం, దినాలయ్యేదాకా ఊరి బయట టెంటులోనే ఉన్నాం.

తల్లి పోయిన ఏడాది శుభకార్యం చేయకూడదన్నారు. ఇల్లు తాళంతోనే ఉంది. పోయిన శ్రావణంలో పాలు పొంగించాం. పెద్దబాపు వచ్చి భక్ష్యాలు తిని, ఇల్లు చల్లగా ఉందన్నాడు. నా పిల్లలు అరుగు మీద అష్టాచెమ్మ గీసుకున్నారు. వాళ్ళలో చిన్నది అలసిపోయి, అక్కడే కాళ్ళు చాపుకుని నిద్రపోయింది.

పెద్దబాపు మీద నేరం పెడదామని చాలాసార్లు అనుకుంటాను. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, తల ఊపాడంతే. తాళంచెవి నా జేబులోనే ఉంది. అరుగుకైతే తాళమే లేదు.