మూడో సీసా

లాయరు గారు పోయారని ఫోను వచ్చేటప్పటికి నేను వెనక గాజుతలుపు దగ్గర పడే ఎండలో ఆవాలు ఆరబోస్తున్నాను. మా కోడలు ఫోను చెవి నుంచి దించకుండానే, "అత్తయ్యా, మన లాయర్ గారు... హార్ట్ అటాకట" అంది. కెనడాలో మేముండే రిచ్‌మండ్ హిల్‌లో మామిడికాయ దొరకడం అప్పుడే మొదలైంది. ఇంకో వారంలో ఆయన మా ఇంటికి రావాల్సిన మనిషి.

సంతాప సభలో టీ కప్పు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "మంచివాడే లెండి, కానీ గెలిచినదాంట్లో మూడో వంతు తీసుకునేవాడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడే పోయిన మనిషి ఫొటో ముందు గొడవ ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆ టీ కప్పు మనిషి కూడా ఇది చదవాలి.

నేను పెట్టి అమ్మే ఆవకాయ సీసాల మీద నా ముఖమే బొమ్మగా ఉంటుంది, ముక్కుపుడకతో సహా. ఒక హోల్‌సేల్ కంపెనీ వాటిని కొని కొట్లకు వేసేది. ఒకరోజు మా దగ్గర కొనడం మానేసింది. సీసాలు మాత్రం కొట్లో ఉన్నాయి. ఒకటి కొని అక్కడే మూత తీసి వాసన చూశాను. నువ్వుల నూనె కాదు. ఎవరో పెట్టిన పచ్చడికి నా ముఖం అంటించారు. అది తిని జనం నన్ను తిట్టుకుంటారు గదా, ఆ బాధ నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మా అబ్బాయి ఇద్దరు ముగ్గురు లాయర్లను అడిగాడు. అందరూ గంటకింత అన్నారు. కేసు ఎన్ని గంటలు నడుస్తుందో ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక ప్లాజాలో పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉన్న ఈయన ఆఫీసుకు వెళ్ళాం. నల్గొండ వైపు మనిషి. మధ్యాహ్నం అయిందేమో, స్టీలు క్యారియర్‌లో పెరుగన్నం తింటున్నారు. చెయ్యి కడుక్కొచ్చి, "కంటింజెన్సీ మీద తీసుకుంటా. గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు నాది. ఓడితే నాకు ఫీజు లేదు" అన్నారు. మా అబ్బాయి ముఖం చిట్లించాడు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. మా నాన్న సగపాలుకు సేద్యం చేసినవాడు. అందుకే అడిగాను.

"పంట పోతే విత్తనాల ఖర్చు ఎవరిది?"

ఆయన కలం కింద పెట్టారు. "ఇంతమంది వచ్చిన్రు, ఈ మాట ఎవరూ అడగలేదమ్మా. కోర్టు ఖర్చులు నేనే పెట్టుకుంటా. కానీ ఓడితే అవతలి లాయర్ల ఖర్చులో కొంత మీ మీద పడొచ్చు. అది నేను ఆపలేను. అది తెలిసినాకే సంతకం పెట్టండి."

"నాకు సంతకం రాదు. వేలిముద్రే."

"అయితే మొత్తం చదివి వినిపిస్తా. వినకుండా వేలు వెయ్యొద్దు."

ఆ కాగితాలు ఆయనే తెలుగులో చెబుతూ వినిపించారు. ఒక్కో ముక్క నాచేత తిరిగి చెప్పించారు. తప్పు చెబితే మళ్ళీ మొదటికి. మా అబ్బాయి రెండుసార్లు పార్కింగ్ మీటరు చూసొచ్చాడు. మెట్లు దిగేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. నాకంటే ఒక మెట్టు కింద నడిచారు, పడితే ఆయన మీద పడేటట్టు. ఎప్పుడు వెళ్ళినా అంతే.

ఏడాది తిరిగాక కంపెనీవాళ్ళు రాజీకొచ్చారు. మంచి డబ్బు ఇస్తారట, లేబులు మాత్రం వాళ్ళకే వదిలెయ్యాలట. "తీసుకో అమ్మా, ప్లీజ్" అన్నాడు మా అబ్బాయి. నేను లాయరు గారి వైపు చూశాను.

"నన్ను అడగకండి" అన్నారాయన. "మీరు ఊ అంటే నా వాటా నాకు రేపే వస్తది. అందుకే ఈ ఒక్క విషయంలో నా మాట మీద అనుమానం పెట్టుకోవాలె. ముఖం మీది, మీరే చెప్పండి."

వద్దన్నాను. ఆయన తల ఊపి ఫైలు దగ్గరకు లాక్కున్నారు. తర్వాత మాత్రం, "వాళ్ళు లేబులు ఒక్కటే వెనక్కిస్తే నా మూడో వంతు ఏందమ్మా?" అన్నారు.

"ముక్కు తీసుకోండి. పుడక మాత్రం నాది."

కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వినా పని తగ్గించలేదు. ఇంకో రెండేళ్ళు పోరాడారు. కొట్లో కొన్న ఆ సీసా నూనెను ల్యాబుకు పంపి రుజువు చేయించారు. విచారణ మొదలు కావాల్సిన వారం ముందు కంపెనీ దిగొచ్చింది. నా ముఖం నాకొచ్చింది. డబ్బు మొదట ఇస్తామన్న దాంట్లో పిసరంత. ఆయన అందులో తన మూడో వంతే తీసుకున్నారు. ఒక్క డాలరు ఎక్కువ అడగలేదు, జాలిపడి వదిలెయ్యనూ లేదు. జాలిపడి ఉంటే నాకు కోపం వచ్చేది.

మా ఊళ్ళో పంట వచ్చిన ప్రతి ఏడూ వాటా ఇవ్వాల్సిందే. అందుకని ఆ వేసవి మొదటి జాడీ నుంచి నింపిన మూడో సీసా ఆయనకు పంపాను. ఒప్పందం ముగిసిందనీ, మీరు నాకు ఇవ్వాల్సింది ఏమీ లేదనీ ఉత్తరం రాశారు. మరుసటి ఏడు మళ్ళీ పంపాను. ఫోను చేశారు.

"ఉత్తరం చదవలేదా అమ్మా?"

"నాకు చదువు రాదు గదండీ."

"మీ కోడలు వినిపించలేదా?"

"వినపడలేదు."

అప్పటినుంచి ఆయనే వచ్చేవారు. లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు. డ్రైవ్‌వేలోనే నిలబడి మూత తీసి వాసన చూసి, "నువ్వులదే" అని సాక్ష్యం చెప్పినట్టు చెప్పి, మూత బిగించుకుని కారెక్కేవారు.

నిన్న మొదటి జాడీ తీశాం. కోడలు సీసాలు నింపుతూ రెండోదాని దగ్గర ఆగి నా వైపు చూసింది. "నింపు" అన్నాను. మూడోది ఇప్పుడు వీధి తలుపు పక్క కిటికీలో ఉంది, నా ముఖం డ్రైవ్‌వే వైపుకు తిప్పి. దాని మూత మాత్రం నేనింకా బిగించలేదు.