ఇబ్బందుల గడిలో ‘ఏమీ లేవు’

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు. సెల్‌ఫోన్లు, వీడియో మీటింగులు అన్నీ వచ్చేశాకే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాన్ని గుర్తు చేసుకున్నట్టుంటుంది కాబట్టి ‘ఆ రోజుల్లో’ అనే అంటున్నాను. నాకు ఇరవయ్యేడేళ్లు. బందరులో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. అంటే ప్రతి మార్చిలోనూ ప్రాణం గొంతులోకొచ్చి కూర్చునే ఉద్యోగం. అలాంటి నేను, రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గితే గట్టు మీద గంట మోగించే యంత్రం ఒకటి తయారు చేశాను. (థర్మాకోల్ పెట్టె, నాలుగు తీగలు, ఒక గంట. యంత్రం అన్నది నా మాట. మా ప్రిన్సిపాల్ గారు ‘అది’ అనేవారు.)

మన దేశమూ, ఏడాదిలో సగం మంచులో ఉండే మరో దేశమూ కలిసి పరిశోధనలకు నిధులిస్తున్నాయనీ, రెండు వైపులా ఒక్కో జట్టు ఉండి ఒకే దరఖాస్తు పెట్టాలనీ తెలిసింది. అక్కడ చేపల తొట్ల మీద పనిచేసే ఒక ప్రొఫెసరమ్మ నా మెయిలుకు జవాబిచ్చారు. మేము ఆవిడకు చలిదేశం మేడం అని పేరు పెట్టుకున్నాం. ఒక యంత్రాన్ని పార్సిల్ కట్టి ఆవిడకు పంపాను కూడా. ప్రాజెక్టు వస్తే నా ఉద్యోగం మూడేళ్లు నిలుస్తుంది. రాకపోతే గుడివాడలో మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. మావయ్య అప్పటికే నా కోసం ఒక కుర్చీ తుడిపించి ఉంచాడు.

దరఖాస్తు నలభై పేజీలు. అందులో ఒక గడి ఉంది. ఈ పనిలో ఎదురయ్యే ఇబ్బందులేమిటో రాయమని. నేను ‘ఏమీ లేవు’ అని రాసేశాను. చలిదేశం మేడం కూడా తన వైపు గడిలో అదే రాశారు. ఇద్దరమూ ఒకరినొకరు మెచ్చుకున్నాం. నిజానికి ఆ యంత్రాన్ని తన చెరువులో పెట్టనిచ్చిన ఏకైక రైతు మా కృత్తివెన్ను బావ. అక్కడ తెల్లవారుజామున రెండుసార్లు గంట మోగలేదు. తీగలకు నాచు పట్టేసింది. రెండుసార్లూ రొయ్యలు గట్టువారకు తేలడం బావే చూసుకుని నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఈ సంగతి నాకూ బావకూ కాక ఇంకొక్కరికే తెలుసు. మా పెద్దమ్మకు. ప్రార్థన చెయ్యమని నేనే వెళ్లి, గడిలో రాసిన అబద్ధంతో సహా చెప్పుకున్నాను.

పెద్దమ్మ రిటైర్డు టీచరు, బావకు అత్తగారు. వాళ్లింట్లో గ్యాసు బండ మార్చాలన్నా ప్రార్థన తర్వాతే. ఆవిడ ప్రార్థనలో వివరాలు ఎక్కువ. నా టెన్త్ పరీక్షలప్పుడు దేవుడికి నా హాల్ టికెట్ నంబరు చెప్పింది. ముదినేపల్లిలో పెళ్లికి వెళ్తుంటే బస్సు ఎక్కడ మారాలో కూడా విన్నవించింది. ఆయనకన్నీ తెలుసు కదా పెద్దమ్మా అని ఒకసారి అడిగాను.

"తెలుసు నాన్నా. మనం దాచట్లేదని ఆయనకి తెలియాలి కదా" అంది.

దరఖాస్తు చూసి వీడియోలో ఇంటర్వ్యూకి పిలిచారు. మధ్యాహ్నం మూడింటికి, ఇరవై నిమిషాలు. కాలేజీలో కరెంటుతో పాటు నెట్టూ పోతుందని పెద్దమ్మ మేడ మీది గదిలో పెట్టుకున్నాను. రైతు భాగస్వామి హోదాలో బావ కొత్త చొక్కా వేసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ముందుజాగ్రత్తగా పొద్దున్నే పెద్దమ్మ చేత ప్రార్థన చేయించేసుకున్నాను. (ఎంత తెలివో చూడండి.) తెర మీద అయిదుగురు పెద్దలు, ఓ మూల చలిదేశం మేడం. ఎవరు ఏ భాషలో మాట్లాడినా కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయనీ, రైతు గారు తెలుగులోనే మాట్లాడవచ్చనీ అధ్యక్షులు చెప్పారు. బావ మొహం వెలిగింది. ఇక మొదలుపెడదామా అన్నారాయన.

"మొదలుపెట్టే ముందు..." అని వెనక నుంచి వినపడింది. ఎప్పుడెక్కి వచ్చిందో, పెద్దమ్మ చెయ్యి నా తల మీద పడింది.

ఇక్కడే నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మైకు ఆపాలి. కనీసం తిరిగి చూడాలి. నేను చేతులు జోడించి, తల వంచి, కళ్లు గట్టిగా మూసేసుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఇంటర్వ్యూ అంటే ఆగుతుందా? బావ కూడా అంతే. ప్రార్థన మధ్యలో పెద్దమ్మను ఆపిన మనిషి మా వంశంలో లేడు. ఆవిడ తెరలోని ఒక్కొక్కరి కోసం, వాళ్ల పిల్లల కోసం, వాళ్ల దేశంలో చలి కోసం ప్రార్థించి, కృత్తివెన్ను చెరువు దగ్గరికొచ్చింది. నాచు సంగతి చెప్పింది. గంట మోగని తెల్లవారుజాములు రెండూ చెప్పింది.  అయినా కళ్లు తెరవలేదు.

ఆమెన్ అని బావ అందరికంటే గట్టిగా అన్నాక కళ్లు తెరిచాను. అధ్యక్షులు ఇంకా తల వంచుకునే ఉన్నారు. మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. తెర కింద చివరి వాక్యం ఇంగ్లీషులో నిక్షేపంగా నిలబడి ఉంది: పిల్లాడు భయపడి ఇబ్బందులేమీ లేవని రాశాడు, వాణ్ణి క్షమించు.

ఇరవై నిమిషాల్లో పదకొండు అయిపోయాయి. అధ్యక్షులు నా స్లయిడ్లు అడగలేదు. మొత్తం ఎన్నిసార్లు మోగలేదు అని మాత్రం అడిగారు. రెండు అంటే పోయేది. కానీ ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.

"మూడు" అన్నాను.

బావ నా వైపు తిరిగాడు. "మూడెక్కడిదిరా? ప్రిన్సిపాల్ గారు చెరువు చూడ్డానికొచ్చిన రోజు మోగిందిగా?"

"అది నేను మోగించాను బావా. ఆ రోజు బటన్ నా జేబులో ఉంది."

మా ఇద్దరి మాటలూ కింద అక్షరాలై పడ్డాయి. నా తల మీది చెయ్యి తొలిగింది. "నాకు కూడా చెప్పలేదు నాన్నా" అంది పెద్దమ్మ మెల్లగా. అదీ పడింది. అయిదుగురూ చదువుకున్నారు. ఆ క్షణంలో గుడివాడ కొట్లోని కుర్చీ నా కళ్లకు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు ఎవరూ అడగకుండానే చలిదేశం మేడం గొంతు సవరించుకున్నారు. తమ తొట్ల దగ్గరా ఒకసారి మోగలేదనీ, తమ పొరపాటేమోనని నాకు చెప్పలేదనీ అన్నారు. అన్నాళ్లుగా ఉమ్మడి ప్రాజెక్టు పేరుతో మేము ఉమ్మడిగా చేసిన పని ఈ దాచడం ఒక్కటే. సమయం అయిపోయింది.

నెలన్నర తర్వాత ఉత్తరం వచ్చింది. ప్రాజెక్టు మాకే ఇచ్చారు. మొదటి ఏడాదంతా గంట ఎందుకు మోగట్లేదో తేల్చాలని, ఇబ్బందుల గడి మళ్లీ నింపి పంపాలని రాశారు. నేను మూడుసార్లు చదివినా నమ్మలేకపోయాను. బావ నన్ను గిల్లి చూశాడు. కొంచెమైనా ఆశ్చర్యపోనిది పెద్దమ్మ ఒక్కతే. ఇచ్చారా, సరే, అన్నం తిను అంది.

ఇప్పుడు కుర్రాళ్ల దరఖాస్తులు చూసిపెట్టే పెద్దమనిషినయ్యాను. ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని కనిపిస్తే వాళ్లను కోప్పడతాను. అంత బాగా కోప్పడే అర్హత నాకెలా వచ్చిందో వాళ్లకు తెలియదు. పెద్దమ్మ మేడ ఎక్కలేకపోతోంది. అందుకని ఏ దరఖాస్తు పంపాలన్నా ముందు నేనే కింద ఆవిడ మంచం దగ్గర కూర్చుని అన్నీ చెప్పుకుంటాను. చివర్లో ఆవిడ ఒకటే అడుగుతుంది, ఇంకేమీ దాచలేదుగా నాన్నా అని. పోయినవారం కూడా అడిగింది. ఏమీ లేదన్నాను. దరఖాస్తు పంపుదామని సగం మెట్లెక్కి, ఆగి, మళ్లీ ఆవిడ మంచం దగ్గరికే దిగొచ్చాను.