సదర్‌లో అప్పుపడ్డ పాటలు

కరువు ఏడాది మా ఇంట్లో పోయినవి లెక్కేస్తే తొమ్మిది గేదెలు, ఒక దున్న, ఒక్కోదాని మీద మా నాయన కట్టిన ఒక్కో పాట. పశువుల్ని అమ్మేశాక ఆయన మళ్ళీ నోరు విప్పి పాడలేదు.

నిరుడు పని మీద ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్ళాను. దీపావళి మర్నాడు పాతబస్తీలో సదర్, అంటే దున్నపోతుల పండుగ. దబీర్‌పురా సందులో ఒక ముసలాయన, పూలదండలూ గవ్వల పట్టీలూ కట్టిన తన దున్న ముందు నిలబడి, దాని తల్లినీ అమ్మమ్మనూ పేరుపేరునా పొగుడుతూ పాడుతున్నాడు. కదలకుండా విన్నాను. పాట అయ్యాక నా వైపు తిరిగాడు.

"ఏం తమ్మీ, ఉత్తగనే విని పోతవా? విన్నోడు తన బర్రె పాట పాడాలె. మా ఇంటి రివాజు గిది."

"మాకిప్పుడు బర్రెలు లేవు పెద్దాయనా. ఎప్పుడో అమ్మేశాం."

"బర్రెను అమ్మినవ్. పాటను గూడ అమ్మినవా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సిగ్గుపడుతూనే మా గేదె నల్లమ్మ మీద నాయన కట్టిన పాట ఎత్తుకున్నాను. డప్పులవాళ్ళు దరువు అందుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఒక్క మాట తప్పలేదు.

"మస్తుంది! ఇంకా ఉన్నయా?"

"మొత్తం పది. మిగిలినవి గుర్తు లేవు."

"ఫికర్ చెయ్యకు. ఏడాదికొకటి యాదికి తెచ్చుకొని రా."

మా మేనత్తను అడిగి రెండోది రాబట్టాను. ఈ సదర్‌కు వెళ్ళి పాడి వచ్చాను. ఆయనకు ఇంకా ఎనిమిది పాటలు బాకీ.