జవాబు చెప్పని టీచరమ్మ

పిల్లలకు ఆవిడ 'ఎందుకు టీచర్'. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ సైన్సు క్లాసుకీ నా లెక్కల క్లాసుకీ మధ్య ఒక చెక్క పార్టిషనే అడ్డం. అటు తుమ్మితే ఇటు వినపడుతుంది. ఇన్నేళ్ళలో ఆ చెక్క అవతలి నుంచి ఒక్క జవాబు నా చెవిన పడితే ఒట్టు! అన్నీ ప్రశ్నలే. మేకు ఎందుకు తుప్పు పట్టింది టీచర్ అని ఎవడైనా అడిగాడా, వాడి పని అయిపోయినట్టే. "నువ్వేమనుకుంటున్నావ్? తడి వల్లా, గాలి వల్లా? ఎలా తెలుసుకుందాం?" అని తిరిగి వాడి నెత్తినే పెట్టేది. ఇక సీసాలు, మేకులు, వారమంతా గోల. అవతల వాళ్ళు అలా ఎగురుతుంటే ఇవతల నా పిల్లలకు భిన్నాలు ఎక్కడ తలకెక్కుతాయి?

"మనకు జీతమిచ్చేది జవాబులు చెప్పమని కదక్కా! ఇలా అయితే సిలబస్ ఎప్పటికవుతుంది?" అని దెబ్బలాడేదాన్ని.

"నేను చెబితే సాయంత్రానికి ఎగిరిపోతుందే. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టింది ఎక్కడికి పోతుంది?" అని నవ్వి, నా టిఫిన్ డబ్బాలోది సగం లాక్కునేది.

కిందటి ఏడాది ఏడో తరగతికి ఆవిడ ఒక ప్రశ్న ఇచ్చింది. వాన పడితే మన బడి గేటు ముందే నీళ్ళు ఎందుకు నిలుస్తాయి? అదే ప్రాజెక్టు. పరీక్షలకు ముందు తల్లిదండ్రులందరి ఎదుటా చూపించాలి. పిల్లలు ఒక తాపీమేస్త్రీని బతిమాలి, గోడల లెవెల్ చూసే సన్నటి నీళ్ళ పైపు తెచ్చుకున్నారు. దాని రెండు కొసలు చెరొకరు పట్టుకుని వీధి ఎత్తుపల్లాలన్నీ కొలిచారు. కాలువ ఎక్కడ పూడిపోయిందో దుకాణాలవాళ్ళను విసిగించి మరీ తెలుసుకున్నారు. వరండాలో బల్ల మీద మట్టితో మొత్తం వీధి కట్టడం మొదలుపెట్టారు. నా క్లాసుకు వచ్చేసరికి ఒక్కళ్ళ చేతులైనా శుభ్రంగా ఉంటేనా!

అప్పట్లోనే రోజూ పొద్దున్న, "నిన్న మనం ఎక్కడిదాకా వచ్చాం?" అని ఆవిడ అడగడం వినిపించేది. పిల్లలు పోటీలు పడి చెప్పేవారు. "ఈ పైపు దేనికి?" అదీ చెప్పేవారు. "అలాగా! తర్వాత ఏం చేద్దామంటారు?" అనేది. తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని ఇదంతా విన్నాడు. "టీచర్ ఒక్క ముక్క చెప్పలేదు. పాఠమంతా పిల్లలే చెప్పారు. బోధన అంటే ఇదీ!" అని మా అందరి ముందూ పొగిడి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది. గొంతు చించుకునేది నేను, మెప్పు ఆవిడకి.

తర్వాత ఒకనాడు స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని, "నీకు పిల్లలెంతమందే?" అంది. నా ఒక్కగానొక్క కూతురికి జ్వరమొస్తే నాతో పాటు ఆస్పత్రిలో జాగారం చేసిన మనిషి! తమాషాకి అడుగుతోందనుకుని "డజను" అన్నాను.

"అమ్మో, ఎలా వేగుతున్నావే తల్లీ!" అని నిజంగానే జాలిపడింది.

ఆ సాయంత్రం తిన్నగా వాళ్ళాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దర్జీ. నన్ను చూడగానే మిషను ఆపేశాడు. నేనేమీ అడక్కముందే కళ్ళు తుడుచుకున్నాడు.

"తెలిసిపోయిందా అమ్మా? డాక్టరుకు చూపించాను. మతిమరుపు జబ్బట. పోయింది మళ్ళీ రాదట. సందు మలుపులో నిలబడి మనిల్లెటు అని నన్నే అడుగుతోంది. సెలవు పెట్టవే అంటే చంటిపిల్లలా ఏడ్చింది. ఆ ప్రాజెక్టు పూర్తవ్వాలట. నడిమధ్యలో వదిలేస్తే పిల్లలు ఏమైపోతారంటుంది. తల్లిదండ్రులకు చూపించే ఆ ఒక్కరోజూ గడవనివ్వమ్మా. ఆ మర్నాడు నేనే మానిపిస్తాను. హెడ్మాస్టరుకు తెలిసిందంటే రేపే ఇంటికి పంపేస్తాడు."

నోరు విప్పనని మాటిచ్చాను. ఇచ్చానే గానీ ప్రతి పూటా చెవులు ఆ చెక్క మీదే. చెక్క అవతల మాట ఆగితే చాలు, ఇటు నా చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. గాజుసీసాలు, స్పిరిట్ దీపం, అంతమంది పిల్లలు. ఏం జరిగినా ఆ పాపం నాదే. ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, ఏదో పని ఉన్నట్టు వెళ్ళి అక్కడే కూర్చునేదాన్ని.

అలా కూర్చున్నప్పుడే చూశాను. ఆ రోజు క్లాసు వరండాలోనే. ఆవిడ మట్టి బల్ల ముందు తెల్లబోయి నిలబడిపోయింది. రెండు జడల పిల్ల ఒకతె లేచి, "టీచర్, నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి వస్తాయా, పల్లం నుంచి ఎత్తుకు వెళ్తాయా?" అని అడిగింది.

"పల్లానికే" అంది ఆవిడ మెల్లిగా.

"మరి మన గేటు ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా టీచర్?"

ఇంకో ప్రశ్న, ఇంకొకటి. వేలు పట్టి నడిపించినట్టు ఆవిడను పాఠంలోకి తెచ్చింది. క్లాసు వదిలాక ఆ పిల్లను పక్కకు లాగాను.

"ఎన్నాళ్ళుగా జరుగుతోందే ఇది?"

"చాన్నాళ్ళయింది టీచర్. జవాబు మేమే చెప్పేస్తే ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంటున్నారు. అడిగితే ఆవిడకే గుర్తొస్తోంది." చేతుల మట్టి దులుపుకుంటూ, "ఇదివరకు ఒక్క ప్రశ్న చాలేది టీచర్. ఇప్పుడు చాలా పడుతున్నాయి" అంది.

క్లాసులో అందరికీ తెలుసట. ఇళ్ళల్లో కూడా ఎవరూ చెప్పలేదట. ఆ పిల్ల ముందు ఏడవకూడదని గబగబా నా క్లాసులోకి వచ్చేశాను.

ఆ రోజు రానే వచ్చింది. వరండా నిండా తల్లిదండ్రులు. వెనక గోడకు ఆనుకుని వాళ్ళాయన. పిల్లలు ముందే మాట్లాడుకున్నారు కాబోలు, అంతా తామే చెప్పుకొచ్చారు. మట్టి వీధి మీద చెంబుతో నీళ్ళు పోశారు. నీళ్ళు జారి జారి వచ్చి గేటు ముందు నిలిచాయి. పూడిన కాలువ చోట పుల్లతో మట్టి తీయగానే సర్రున దిగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఇంతలో హెడ్మాస్టరు లేచి, "టీచర్‌గారు రెండు మాటలు మాట్లాడాలి" అన్నాడు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను.

ఆవిడ వెళ్ళింది. బల్ల మీదికి వంగి చాలాసేపు చూసింది. చివరికి తలెత్తి, "ఇక్కడ నీళ్ళు ఎందుకు నిలిచాయి?" అని అడిగింది.

వరండా దద్దరిల్లేలా చప్పట్లు! "చూశారా, ఇప్పుడు కూడా పిల్లల చేతే చెప్పిస్తున్నారు!" అని హెడ్మాస్టరు మురిసిపోయాడు. రెండు జడల పిల్ల ముందుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగింది.

"ఎంత చక్కగా చెబుతోందే! వీళ్ళ టీచరెవరో గానీ బాగా నేర్పింది."

"నువ్వేనక్కా" అన్నాను.

"పోవే, నీకెప్పుడూ వేళాకోళమే" అని నా చెయ్యి వదిలేసి, ఆ పిల్ల ఏం చెబుతోందో వినడానికి కుర్చీ ముందుకు జరుపుకుంది.