ఎడమ చేతి కట్టు

“కట్టిప్పు మే.”

“తిన్నాక ఇప్పుతా.”

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ఆయన అడిగాడు, నేను విప్పలేదు.

నా మొగుడు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. మగ్గం తాడు లాగిన చేయి అదే, తాగొచ్చి నన్ను కొట్టిన చేయీ అదే. గొంతు కోసిన కోడి మెడలా వేలాడేది. ఆదోని ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మ ఒక మాట చెప్పింది. బాగున్న చేతితోనే పనులు జరిగిపోతే పడిన చేయి ఇక లేవదట. దినమూ కొంతసేపు మంచి చేయిని కట్టేసి, పడిన చేతితోనే తిననివ్వమంది.

అట్లే చేశాను. తువ్వాలుతో ఎడమ చేయిని నడుముకు బిగించి, ముందర బొరుగులు పోశాను. వేళ్లతో ఏరుకుని నోట్లో వేసుకోవాలి. చాపంతా చల్లేవాడు.

“కోడికేసినట్ల ఏస్తాండావే,” అన్నాడు.

“కోడైతే ఏరుకుని తినేది,” అన్నాను.

నా మొహాన ఉమ్మాడు. తుడుచుకుని మళ్లీ పోశాను. ఆకలేసి ఏడ్చినా ఒక్క ముద్ద పెట్టలేదు. పెడితే ఎప్పటికీ నా చేతికే నోరు తెరుస్తాడు, నేను పత్తి తీయడానికి పోయేదెట్లా?

రాసుకో పాపా, ఇది నీకు చేదుగా ఉంటుంది. మొదట్లో ఆయన ఎడమ చేత్తో తింటుంటే, “కడుక్కునే చేత్తో కూడు తింటాండావా అన్నా,” అని నవ్వింది ఆయన చెల్లెలు, మీ అమ్మే. ఆ మాటకే ఆయన ఆ పూట తినడం మానేశాడు.

ఆయన పోయిన పొద్దు సంగటి పెట్టాను. కట్టు విప్పమన్నాడు, తిన్నాకే అన్నాను. కోపంతో కుడి చేయి చాచాడు. వేళ్లు ముడుచుకున్నాయి, సంగటి తెగింది, పప్పులో అద్దుకుని నోటిదాకా పోయింది. తిన్నాడు. నా వైపు చూశాడు. అంతలో మూతి వంకరపోయి పక్కకు ఒరిగాడు. మళ్లీ వాతం కొట్టింది. గోడ పట్టుకోవడానికి ఎడమ చేయి లేదు. నేను ముడి విప్పేలోపే ప్రాణం పోయింది.

వచ్చినవాళ్లంతా తువ్వాలునే చూశారు. “కట్టేసి సంపినావు గదా వదినా,” అని మీ అమ్మ వీధికంతా వినబడేట్టు అంది, ఇప్పటికీ అంటోంది. ఆయన కుడి వేళ్లకు అంటిన సంగటిని ఎవరూ చూడలేదు. స్నానం చేయించేటప్పుడు కడిగేశారు.

నువ్వు ఆమె కూతురివి. నాకు సంతకం వరకే అక్షరాలు. ఆయన తన కుడి చేత్తో తిన్నాడని రాసినావా, లేదా? ఆ ముక్క సదువు పాపా, ఇంటాను.