ఉచిత కరెంటుకి నానిన కారు

మే నెల మిట్టమధ్యాహ్నం, నేల నెర్రెలిచ్చిన మామిడితోటలో, కొత్త కారును సగం చక్రాల దాకా నీళ్లలో ముంచడం ఎవరికైనా సాధ్యమా? నాకు సాధ్యమైంది. పైగా ఆ కారు మాది కాదు. అదెలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె జబ్బున్నవాళ్లూ, కార్లమ్మే ఉద్యోగంలో ఉన్నవాళ్లూ కాస్త దూరంగా జరిగి కూర్చోండి.

ఇది నిరుటి సంగతి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు ఇరవై నాలుగు. ఈ ఏడాదిలో చాలా ముదిరాను.

మా మామయ్యది తిరువూరు. విస్సన్నపేట రోడ్డులో ఆయనకి మామిడితోట ఉంది. ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద కారు కొనాలని సంకల్పించి, అందరిలాగే డీజిల్ బండి చూసుకుంటున్న ఆ అమాయకుడికి నేను అడ్డం పడ్డాను. ఫోనులో కార్ల వీడియోలు చూసి చూసి, స్టీరింగు ముట్టుకోకుండానే మహా నిపుణుణ్నయిపోయిన రోజులవి.

"మామయ్యా, డీజిల్ వద్దు. ప్లగ్ఇన్ హైబ్రిడ్ తీసుకో."

"అంటే ఏంట్రా?"

"ఇంట్లో ప్లగ్గుకి పెట్టి చార్జింగ్ చేసుకోవచ్చు. కొంత దూరం కరెంటు మీద పోతుంది. అదయిపోగానే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. దారిలో ఆగిపోతామన్న భయమే లేదు."

"అంటే టిఫినూ తింటుంది, భోజనమూ తింటుంది. అచ్చం నీలాగే" అంది అత్తయ్య, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"రేటు ఎక్కువుంటుందేమో?" అన్నాడు మామయ్య.

"ఉంటుంది. కానీ నువ్వు రోజూ తిరిగేది తోటకీ ఇంటికీ మధ్యేగా! చుక్క పెట్రోలు కాలదు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ తేడా అంతా..."

"కొన్నేళ్లు తిరిగేసరికి నేను కర్ర పట్టుకుని తిరుగుతాన్రా."

అయినా నేను వదల్లేదు. వారం రోజులు జోరీగలా చెవి దగ్గరే తిరిగాను. చివరికి ఆయన విసిగిపోయి, "సరే, ఓసారి తెప్పించు. చుక్క పెట్రోలు కాలకుండా విస్సన్నపేట చేరితే కొంటాను. కొంటే నా పాత కారు నీకిచ్చేస్తాను. పో" అన్నాడు.

పాత కారు! దాని ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, హారను స్టీరింగు కుడివైపు తిప్పినప్పుడే మోగుతుంది. అయితేనేం? అప్పటిదాకా నాకున్నది స్టాండు వెయ్యగానే పక్కకి పడుకునే మోటారుసైకిలు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మానసికంగా ఆ కారుకి సీటు కవర్లు కూడా వేయించేశాను.

నాలుగు రోజుల తర్వాత బెజవాడ షోరూమ్ నుంచి మధుగారు టెస్టు డ్రైవు బండితో దిగారు. అంత ఎండలోనూ టై కట్టుకున్న ధీరుడాయన. బండి ధగధగలాడిపోతోంది. మామయ్య చెప్పులు విడిచి మరీ ఎక్కాడు. కానీ బెజవాడ నుంచి వచ్చేసరికే బ్యాటరీ ఖాళీ! ఊరు దాటగానే ఇంజను గుర్రుమంది.

"ఇది మామూలు పెట్రోలు బండేగా?" అన్నాడు మామయ్య నా వైపు అదోలా చూస్తూ.

"చార్జింగ్ పెడితే చూడండి సార్, చీమ నడిచినట్టు చప్పుడు లేకుండా పోద్ది" అన్నారు మధుగారు.

పెడదామని ఇంటికొస్తే కరెంటు లేదు. లైన్ల మీద కొమ్మలు కొడుతున్నారట, సాయంత్రం దాకా రాదట. బండేమో సాయంత్రానికి షోరూమ్‌లో ఉండాలి. నా పాత కారు, సీటు కవర్లతో సహా, కళ్లముందే వెళ్లిపోతోంది.

ఈలోగా అత్తయ్య మధుగారికి భోజనం పెట్టింది. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, మీద గడ్డపెరుగు. అత్తయ్య "ఇంకొంచెం" అంటే అది అడగడం కాదు, వడ్డించేశాక తెలియజేయడం. పావుగంటలో మధుగారు సోఫాలో టైతో సహా నిద్రపోయారు. సరిగ్గా అప్పుడే నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ పూట ఇంట్లో వెలిగిన బల్బు అదొక్కటే.

తోటలో బోరుకి ఉచిత కరెంటు! ఆ లైను వేరు, మధ్యాహ్నం షిఫ్టు! షెడ్డులో ప్లగ్గు కూడా ఉంది!

"అది వ్యవసాయానికిచ్చే కరెంటురా" అన్నాడు మామయ్య.

"మామిడి రైతు ఎక్కే కారు మామయ్యా. వ్యవసాయం కాక మరేంటి?"

"మధుగారిని అడిగావా?"

"నిద్రపోయే మనిషిని లేపకూడదు."

"గీత పడిందో, నీ ఒంటి మీద రెండు పడతాయి" అని, తన జేబులోనే ఉండిపోయిన కారు తాళం ఇచ్చాడు.

తోటలో ఎండకి పెనం మీద ఉన్నట్టుంది. షెడ్డు పక్కన పెద్ద బంగినపల్లి చెట్టు, దాని కింద చిక్కటి నీడ. దారిలో ఒక మట్టిగట్టు అడ్డొచ్చింది. కారు దాన్ని దూదిలా నలిపేసి దాటింది. "ఆహా, ఏం సస్పెన్షను!" అనుకున్నాను. ప్లగ్గు పెట్టాను. కాసేపటికి కరెంటొచ్చింది, కారు మీద ఆకుపచ్చ దీపం మిణుకుమంది. నా జీవితంలో నేను చూసిన అత్యంత అందమైన దీపం అదే. లోపల కూర్చుని, ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చాను. చెవుల్లో పాటలు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు, ఎందుకంటే నిద్రపోయాను.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. మా వైపు రైతులు బోరు మోటారుకి ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మనిషి అక్కర్లేదు. ఇంకో విషయం. నేను నలిపింది ఉత్త మట్టిగట్టు కాదు, నీళ్లు ఈ చెట్టు వైపు రాకుండా కట్టిన కాలువ గట్టు. మూడో విషయం కూడా ఉంది గానీ చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ ఆటో స్టార్టరు పెట్టించమని మామయ్యను వారం రోజులు పోరింది నేనే.

ఫోను మోగింది.

"ఎక్కడున్నావురా? మధుగారు లేచి కారేదని అడుగుతున్నారు."

"తోటలోనే మామయ్యా. అద్భుతంగా ఎక్కుతోంది చార్జింగు."

"ఎండ మండిపోతోందా అక్కడ?"

"అబ్బే, చల్లగా ఉంది" అంటూ తలుపు తీసి కాలు కింద పెట్టాను. కాలు కిందకి పోతూనే ఉంది. పిక్క దాకా పోయాక ఆగింది. నా చెప్పొకటి తాపీగా షెడ్డు వైపు ప్రయాణం కట్టింది.

షెడ్డుకి పరిగెత్తి మోటారు ఆపాను, ప్లగ్గు పీకాను. కారెక్కి యాక్సిలరేటరు తొక్కాను. అప్పుడు తెలిసింది ఆ బండి పవరేంటో! చక్రాలు ఎంత వేగంగా తిరిగాయంటే, కారు ముందుకైతే పోలేదు గానీ కిందికి చాలా వేగంగా పోయింది.

పాత కారులో మామయ్య, అత్తయ్య, మధుగారు వచ్చేసరికి నేను నిలువెల్లా బురదతో ఉన్నాను. మధుగారు టై విప్పేశారు.

"సార్... డెమో బండి సార్..." అన్నారు చివరికి.

పక్కతోట రైతు జోజిగారు కంచె దగ్గర నిలబడి తీరిగ్గా చూశారు. "ఏం బాబూ, కారుకి తడి పెడుతున్నావా? కాపు ఎప్పుడొస్తుందేంటి?"

"జోజీ, నీ ట్రాక్టరుతో లాగాలయ్యా" అన్నాడు మామయ్య.

"మార్కెట్ యార్డుకి కాయ తోలుకుపోయిందండీ. గంట పడుద్ది."

గంట! ఆ ఎండలో పది నిమిషాలకే అత్తయ్య చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, నీళ్లలో నడిచి కారెక్కి తలుపేసుకుంది. ఐదు నిమిషాలైనా దిగలేదు. మామయ్య అద్దం కొట్టాడు.

"ఏమే, బాగానే ఉన్నావా?"

అద్దం రెండంగుళాలు దిగింది. "ఏవండీ, ఏసీ వస్తోంది. ఇంజను చప్పుడే లేదు. ముందు లోపలికి రండి, చల్లదనం పోతోంది."

మామయ్య ఎక్కాడు. వెనకే మధుగారు. జోజిగారు కూడా కంచె దాటొచ్చి, "ఊరికే చూస్తానండీ" అంటూ సర్దుకున్నారు. నాకు మాత్రం ప్రవేశం లేదు. సీట్లు పాడవుతాయట.

అద్దంలోంచి నాకు మధుగారి చేతులు మాత్రం కనిపించాయి. మొదట నెత్తిన ఉన్నాయి. కాసేపటికి కిందికి దిగాయి. ఆ తర్వాత గాల్లో ఎగిరాయి. బురదలో కూరుకుపోయిన కారులో కూర్చుని ఆయన బ్యాటరీ వారంటీ గురించి చెబుతున్నారు! మామయ్య తలూపుతున్నాడు, జోజిగారు వేళ్లతో సీటు నొక్కి చూస్తున్నారు, అత్తయ్య కళ్లు మూసుకుంది.

ట్రాక్టరొచ్చింది. తాడు కట్టారు. గుబుక్కుమని కారు బయటికొచ్చింది. ఒక్క గీత లేదు, బురద మాత్రం నాకూ దానికీ సమానంగా ఉంది.

"మామయ్యా, కడిగేస్తాను. విస్సన్నపేట వెళ్దాం. చుక్క పెట్రోలు కాలదు" అన్నాను ఏడుపు గొంతుతో.

"విస్సన్నపేట ఎందుకురా? ఇక్కడే తేలిపోయింది. కరెంటు మీద కదలకుండా గంటసేపు చల్లగా ఉంచింది. మీ అత్తయ్య దిగనంటోంది. కొంటున్నాను."

నేను బురదలోనే ఎగిరి గంతేశాను. గెలిచాను! పాత కారు నాదే!

మామయ్య జోజిగారి వైపు తిరిగాడు. "పెద్ద సాయం చేశావు జోజీ. ఏమివ్వమంటావు?"

"అయ్యో, ఏమొద్దండీ. మీ పాత కారు అమ్మేటప్పుడు మాత్రం ముందు నా చెవిన వెయ్యండి, చాలు."

మామయ్య నన్ను ఒకసారి చూశాడు. నా జుట్టు, నా బురద, నా ఒంటి చెప్పు, అన్నీ తీరిగ్గా చూశాడు.

"వేశాననుకో. బండి నీదే" అన్నాడు.

అందుచేత, మిగిలిన ఆ ఒక్క చెప్పు సాక్షిగా, మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప కారైనా, కరెంటు ఎంత ఉచితమైనా, ఎంత చిక్కటి నీడైనా, కాలువ గట్టు ఎటుందో చూడకుండా బండి ఆపను. ఆపినా నిద్రపోను. ఒకవేళ నిద్రపోయినా, ట్రాక్టరున్నవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వను.